ఇంటి సాలీడు కరచునా?

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సభలలో మహాపురుషుల చరిత్రలను గూర్చియు, సాహిత్యమును గూర్చియు ప్రసంగములు జరుగుట ఆచారము. నేటి ప్రసంగమునకు విషయము మిక్కిలి చిన్న ప్రాణి. ఈ గ్రంథాలయమునకు అది చందా కట్టలేదు. అయినను పాత పత్రికల కట్టల నడుమ, బీరువాల వెనుక, పై కప్పు వాసాల మూలలలో దానికి ఎన్నడును చోటు తక్కువ కాలేదు. అది సాలీడు.

గోడపై పెద్ద సాలీడు కనబడగానే తల్లి బిడ్డను వెనుకకు లాగును. ఇంటి పెద్ద చీపురు కొరకు వెదకును. పిల్లలు అడుగు ప్రశ్న మాత్రము ఒక్కటే: “అది కరచునా? కరచినచో విషమెక్కునా?” ఈ ప్రశ్నకు సమాధానము రెండు భాగములుగా నున్నది. మొదటి భాగము ధైర్యము చెప్పునది: ఇండ్లలో సామాన్యముగా నుండు సాలీడు మనుష్యుని జోలికి రాదు, ఎప్పుడైనను కరచినను ప్రాణభయము లేదు. రెండవ భాగము హెచ్చరిక: సాలీటి కాటు అని జనులు పేరు పెట్టునది పలుమారులు సాలీటి కాటు కాదు, ఆ పొరపాటు ఒక్కొక్కప్పుడు ప్రాణము తీయును. మొదటి భాగము తెలిసికొనుట సంతోషము. రెండవ భాగము తెలిసికొనుట అవసరము.

ఖమ్మము, భద్రాచలముల నడుమ నున్న అడవి అంచు గ్రామములలో ఈ విషయమునకు పట్టణములలో లేని ప్రాముఖ్యము కలదు. గోదావరి గట్టు మొదలు కిన్నెరసాని లోయ వరకును, పాల్వంచ, మణుగూరు, దుమ్ముగూడెము, చర్ల, అశ్వారావుపేట ప్రాంతములందును ఊరెక్కడ ముగియునో, అడవి యెక్కడ మొదలగునో గీత గీసి చెప్పుట కష్టము. పరిపాలనా సరిహద్దులు మాత్రము పలుమారులు మారినవి. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. అంతకు ముందు తూర్పు గోదావరి జిల్లాకు చెందిన భద్రాచలము 1959లో దానియందు చేరెను. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేరుపడెను. 1977లో కిన్నెరసాని చుట్టునున్న అడవి అభయారణ్యముగా ప్రకటింపబడెను. మనుష్యులు గీసిన ఈ గీతలను సాలీడు గాని, తేలు గాని, పాము గాని ఎరుగవు.

ఈ ప్రాంతపు ఇంటిని ఒకమారు మనసున తలచుకొనుడు. వెదురు తడకపై మట్టి మెత్తిన గోడ; గడ్డి కప్పు, లేక పెంకుల కప్పు; చూరు క్రింద కట్టెల మోపు; మూలను ధాన్యపు గాదె; వేసవిలో ఇప్పపూవు గంప, తునికాకు కట్టలు. ధాన్యమున్నచోటికి పురుగును, ఎలుకయు వచ్చును. పురుగు కొరకు సాలీడును బల్లియు వచ్చును. ఎలుక కొరకును బల్లి కొరకును పాము వచ్చును. ఒక్క కప్పు క్రింద ఇన్ని ప్రాణులు కాపురమున్నప్పుడు, చీకటిలో కరచినది ఏదో గుర్తింపలేకపోవుట వింత కాదు. కావున మొదట సాలీటిని సరిగా ఎరుగుట మంచిది.

సాలె యనగా నేతగాడు. సాలీడు అను పేరులోనే దాని వృత్తి ఇమిడియున్నది. సంస్కృతమున దానిని ఊర్ణనాభమనిరి. నాభియందు ఉన్ని గలదని అర్థము. యథార్థమునకు నూలు వచ్చునది నాభినుండి కాదు, ఉదరపు కొనయందున్న చిన్న చిన్న కాడలనుండి. లోపల ద్రవముగా నున్న పదార్థము బయటికి లాగబడునప్పుడు దారముగా గట్టిపడును. తననుండియే నూలు తీసి, మరల తనలోనికే తీసికొను ఈ ప్రాణిని ముండకోపనిషత్తు సృష్టికి దృష్టాంతముగా గ్రహించినది. శ్రీకాళహస్తి అను పేరులో ‘శ్రీ’ యనగా సాలీడని, ‘కాళ’ మనగా పామని, ‘హస్తి’ యనగా ఏనుగని స్థలపురాణము. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున ఆ కథను కావ్యముగా చెప్పెను. శివునికి గూడు అల్లిన భక్తునిగా తెలుగువారు గౌరవించిన ప్రాణినే ఇంటిలో చీపురుతో తరుముట లోకవ్యవహారము.

సాలీడు కీటకము కాదు. ఈగ, చీమ, దోమ మొదలగు కీటకములకు ఆరు కాళ్లు, సాలీటికి ఎనిమిది. కీటకపు శరీరము తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగములు. సాలీటికి తలయు రొమ్మును కలిసి ఒకే భాగము, పొట్ట రెండవది. దానికి రెక్కలు లేవు. తేలు, గోమారి మొదలగునవి దానికి జ్ఞాతులు. నోటిముందు రెండు కోరలుండును. నమలుటకు దానికి పండ్లు లేవు. పట్టిన పురుగులోనికి కోరలగుండ విషము దింపి కదలకుండ చేయును. పిమ్మట జీర్ణరసము పోసి, మాంసము కరగిన తరువాత ఆ రసమును పీల్చును. విషమనునది దానికి వేటసాధనము. చీమనో, బొద్దింకనో పడగొట్టుటకు సరిపడునంత మాత్రమే దానియొద్ద నుండును. దానిని వృథా చేసికొనుట దానికి నష్టము.

ఇంటిలో కనబడు సాలీళ్లు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది పొడుగు కాళ్ల సాలీడు. వెంట్రుకవంటి కాళ్లు, చిన్న దేహము. మూలలలో చిక్కుపడిన నూలువలె గూడు అల్లి, తలక్రిందుగా వ్రేలాడుచుండును. చేయి తగిలినచో గూటితోపాటు గిరగిర ఊగి, శత్రువునకు కన్ను నిలువకుండ చేయును. బూజుకర్రకు చిక్కునది ఎక్కువగా దీని గూడే. లోకములోని సాలీళ్లలో దీనికే విషమెక్కువ యనియు, కోరలు పొట్టివి గనుక మనుష్యుని కరవలేదనియు ఒక మాట దేశదేశములందు వ్యాపించియున్నది. అది ఆధారములేని మాట. దాని విషము మనుష్యునకు హాని చేయునని చూపిన ప్రయోగము లేదు. పైగా ఇది ఇతర సాలీళ్లను పట్టి తినునట్టిది.

రెండవది గోడపై పరుగెత్తు పెద్ద సాలీడు. కాళ్లు చాచినచో అరచేయి యంత ఉండును. దేహము బల్లపరుపుగా నుండుటచే తలుపు సందులలోనికి దూరగలదు. ఇది పురుగులను పట్టుటకు వల పన్నదు. రాత్రివేళ తిరిగి బొద్దింకలను వేటాడును. ఆడది గ్రుడ్ల సంచిని తెల్లని బిళ్లవలె చేసి, పొట్టక్రింద పట్టుకొని తిరుగును. చూచినవారు ఎక్కువగా భయపడునది దీనినే. అడ్డగించి చేతితో నొక్కినచో ఇది కరవగలదు, తేనెటీగ కుట్టినంత మంట పుట్టవచ్చును, కొంత వాపు రావచ్చును, అంతటితో తగ్గిపోవును.

మూడవది కిటికీ చట్రములపైనను, పగటి వెలుగున్న గోడలపైనను గంతులు వేయు చిన్న సాలీడు. వ్రేలిగోరు కంటె చిన్నదైనను చూపునందు సాలీళ్లలో దీనిని మించినది లేదు. తల ముందరి రెండు పెద్ద కన్నులతో మనుష్యుని ముఖము వంక తేరి చూచును. పిల్లివలె పొంచి, ఒక్క దుముకున ఈగను పట్టును. ఈగల పాలిటికి ఇది పులి. మనుష్యుని పాలిటికి వినోదము.

ఇవి కరచుట అరుదగుటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. దోమ రక్తము కొరకు వచ్చును; నల్లి రక్తము కొరకు వచ్చును; సాలీటికి మనుష్యుని రక్తముతో పనిలేదు. మనుష్యుని శరీరము దానికి ఆహారము కాదు, అపాయము. కావున అది పారిపోవును. దుస్తుల మడతలోనో, పక్క క్రిందనో నలిగినప్పుడు మాత్రమే ఆత్మరక్షణకై కోర దించును. చిన్న సాలీళ్ల కోరలు మనుష్యుని చర్మమును దాటలేవు.

ఈ మాటను బలపరచు రెండు పరిశీలనలు 2002లో వెలువడినవి. అమెరికా దేశమున కాన్సాస్ రాష్ట్రములో ఒక ఇంట, 2001లో ఆరు నెలల కాలమున 2,055 రెక్లూజ్ సాలీళ్లు పట్టబడినవి. ఇది ఆ దేశమున విషజాతిగా పేరుపడినది. ఆ ఇంట నలుగురు మనుష్యులు కాపురముండిరి. ఆనాటి వరకు వారిలో ఒక్కరికిని ఆ సాలీటివలన హాని కలుగలేదు. రెండవది ఆస్ట్రేలియా దేశపు వైద్యుల పరిశీలన. కరచిన సాలీటిని పట్టి తెచ్చి, నిపుణులచే గుర్తింపజేసిన కాట్లనే వారు లెక్కకు తీసికొనిరి. అట్టివి 750. వానిలో చెప్పుకోదగిన బాధ కలిగించినవి 44 మాత్రమే. ఆ 44లో 37 రెడ్‌బ్యాక్ అను ఒక్క జాతివి. మాంసము కుళ్లిన పుండు ఒక్క కాటునందును కనబడలేదు. విషప్రాణులకు పేరుమోసిన దేశములోనే స్థితి ఇట్లుండ, తక్కినచోట్ల సంగతి ఊహింపవచ్చును.

లోకమున ఇంతవరకు పేర్లు పెట్టబడిన సాలీళ్లు 50,000 జాతులకు పైబడినవి. మనుష్యునకు ప్రాణాపాయము చేయగలవి వ్రేళ్లపై లెక్కింపదగిన వర్గములు మాత్రమే. వానిలో నల్ల విధవ అను వర్గపు సాలీళ్లు భారతదేశమున అక్కడక్కడ కనబడినవి. కాని అవి ఇంటి గోడలపై నిత్యము తిరుగునవి కావు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ప్రాంతపు సాలీడు మిక్కిలి భయంకరమైనది. దానికిని 1981లో విరుగుడు మందు వచ్చిన తరువాత ఆ కాటుచే మరణము నమోదు కాలేదు.

తెలుగుదేశమున పేరు పొందిన పెద్ద సాలీడు వేరొకటి కలదు. అది ఇంటిది కాదు, అడవిది. 1899లో గుత్తి పట్టణమున, రైల్వేవారి కలప నిలువ చేయు చోట, నీలవర్ణముతో మెరయు ఒక పెద్ద రోమముల సాలీడు దొరకినది. పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి పేరు పెట్టెను. తరువాత నూరేండ్లకు పైగా అది మరల శాస్త్రజ్ఞులకు కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో మరల దొరకినది. గుత్తికి అది కలపతోపాటు రైలులో వచ్చినదని అప్పుడు తేటపడెను. పెద్ద చెట్ల తొర్రలే దాని ఇండ్లు. ఆ చెట్లు నరకబడుటచే అది నశించిపోవు ప్రమాదమున నున్నది. ఈ వర్గపు సాలీళ్లు కరచినచో నొప్పి తీవ్రముగా నుండును. కండరములు కొన్ని దినములు బిగదీయుటయు కలదు. అట్టి కాటునకు వైద్యుని చూపుట అవసరము. అయినను ప్రాణము తీసినట్లు నిదర్శనము లేదు. తొర్రలో చూడకుండ చేయి పెట్టరాదనుట అడవికి పోవువారు ఎరిగిన నీతియే.

పూర్వుల మాట యేమి? ప్రాచీన వైద్యులు సాలీటిని తేలికగా తీసికొనలేదు. సుశ్రుత సంహిత కల్పస్థానమున లూతా విషమునకు ఒక అధ్యాయములో చోటు కలదు. లూత యనగా సాలీడు. పదునారు విధముల లూతలను చెప్పి, ఎనిమిదింటి విషము కష్టసాధ్యమనియు, ఎనిమిదింటిది అసాధ్యమనియు విభజించిరి. విషము కోరనుండియే కాక లాల, గోరు, మూత్రము మొదలగు వానినుండియు సోకునని చెప్పిరి. ‘సాలీడు పాకిన పొక్కులు’ అను మాట అట్టి భావమునకు దగ్గరది. ప్రాచీనులు చూచిన పుండ్లును, జ్వరములును నిజమైనవే. వానికి కారణమైన ప్రాణిని గుర్తించుటకు నేడున్న సాధనములు ఆనాడు లేవు. రోగమును వర్ణించినందుకు వారికి నమస్కరింపవలెను. కారణమును వెదకి సరిదిద్దుట తరువాతివారి విధి.

ఇప్పుడు సమాధానములోని రెండవ భాగము. సాలీటికి అంటగట్టబడు బాధలకు అసలు కర్తలెవరు?

వానలు పడిన తరువాత దీపమునకు ఒక సన్నని పురుగు వచ్చును. నలుపును, నారింజ రంగును పట్టెలుగా గలది, చీమవలె పొడుగైనది. దాని పేరు పేడెరస్. అది కరవదు, కుట్టదు. మెడపై వాలినప్పుడు చేతితో నలిపినచో, దాని దేహములోని రసము చర్మమునకు అంటును. మరునాటికి గీత గీసినట్లు ఎర్రని మంటయు, పొక్కులును లేచును. నిద్రలో నలిపినవారికి పురుగు సంగతి తెలియదు; “సాలీడు పాకినది” అందురు. పురుగును నలుపక ఊదివేసి, అంటినచోట సబ్బుతో కడుగుట దీనికి మంచి ఉపాయము.

రెండవది సర్పి. నడుము చుట్టునో, రొమ్ముపైనో ఒక్క ప్రక్కనే గుంపుగా పొక్కులు లేచి భగ్గుమని మండును. దీనికి సాలీటితో గాని, సర్పముతో గాని సంబంధము లేదు. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరములలో దాగియుండి, ఏండ్ల తరువాత మరల మేల్కొనుటచే ఇది కలుగును. ఆరంభములోనే వైద్యుని చూచినచో మందు కలదు.

మూడవది అడవి అంచు గ్రామములవారు తప్పక ఎరుగవలసినది. పొదలలోను, గడ్డిలోను కంటికి కనబడని నల్లివంటి సూక్ష్మజీవి యొకటి ఉండును. అది కుట్టినచోట నొప్పి లేకుండ నల్లని పెచ్చు కట్టును. చుట్ట నిప్పుతో కాల్చిన మచ్చవలె నుండును. సాధారణముగా ఒకటి రెండు వారములలో తీవ్రజ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఆరంభమగును. దీని పేరు స్క్రబ్ టైఫస్. చంకలోనో, గజ్జలోనో, నడుము క్రిందనో దాగియున్న ఆ మచ్చను చూచి ‘సాలీడు కరచిన పుండు’ అని పసరు పూసి కాలము గడిపినచో జ్వరము ఊపిరితిత్తులకును, మెదడునకును పాకవచ్చును. సకాలమున గుర్తించినచో డాక్సీసైక్లిన్ అను చవకైన మందుతో నయమగును. కావున జ్వరమును, నల్లని పెచ్చును కలిసియున్నచో ఆ రెండింటిని వైద్యునకు చెప్పవలెను.

నాలుగవది అన్నింటికంటె ఘోరమైనది: కట్లపాము.

నాగుపాము పడగ విప్పును, రక్తపింజర బుసకొట్టును. కట్లపాము మౌనముగా పనిచేయును. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లు గల ఈ పాము రాత్రివేళ ఎలుకలను, బల్లులను, ఇతర పాములను వెదకుచు ఇంటిలోనికి వచ్చును. నేలపై పండుకొన్నవాడు ప్రక్కకు ఒత్తిగిల్లినప్పుడు కరచును. దాని కోరలు సన్ననివి. కాటువద్ద వాపు గాని, నెత్తురు గాని, పలుమారులు నొప్పి గాని ఉండదు. మేల్కొన్నవాడు దీపము పెట్టి చూచును. పాము కనబడదు. గోడపై సాలీడు కనబడును. “ఏదో సాలీడు కరచినది” అని మరల పండుకొనును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి వచ్చును. “రాత్రి తిన్నది పడలేదు” అందురు. పిమ్మట కనురెప్పలు వాలిపోవును, చూపు రెండుగా కనబడును, మాట ముద్దకట్టును, ఉమ్మి మ్రింగుడు పడదు. కడపట శ్వాస నిలిచిపోవును. ఆ కుటుంబమువారు జీవితాంతము సాలీటిని నిందింతురు. కట్లపాము పేరు ఆ ఇంట ఎన్నడును వినబడదు.

పాము కాటు చిన్న సమస్య కాదు. 2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాము కాటువలన సంవత్సరమునకు సగటున 58,000 మంది మరణించిరని 2020లో ప్రచురింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. మరణములలో సుమారు సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల వానకాలమునందే జరిగినవి. పాము కాటు మరణములు ఎక్కువగా నున్న రాష్ట్రములలో, తెలంగాణముతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశమును ఉన్నది. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో ఒక కార్యప్రణాళిక ప్రకటించినది. సాలీటి కాటు మరణములకు అట్టి ప్రణాళిక లేదు. అవసరము కలుగలేదు గనుక.

పామువిషమునకు విరుగుడు సూదిమందు కలదు. అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికి కలిపి చేయబడినది. కట్లపాము విషముచే శ్వాస ఆగినవానికి యంత్రముతో శ్వాస అందించినచో, చనిపోయినవానివలె కదలిక లేకయున్నను మరల లేచి కూర్చుండగలడు. ఇట్టి రోగిని చూచి ఆశ వదలుకొనుట తప్పు. నాలుగు గంటలు ముందు వచ్చినవానికిని, వెనుక వచ్చినవానికిని నడుమ తేడా ప్రాణమే.

ఇచట విపరీతపు భయము కూడ ఎంత చెరుపు చేయునో చూపు ఉదాహరణ యొకటి కలదు. 2012 మే నెలలో అస్సాము రాష్ట్రములోని సదియా ప్రాంతమున పెద్ద సాలీళ్లు జనులను కరచుచున్నవను వార్త అగ్గివలె వ్యాపించెను. ఇద్దరు మరణించిరని పత్రికలు వ్రాసెను. బాధితులు మొదట మంత్రవైద్యులయొద్దకు పోగా, వారు గాయములను బ్లేడుతో కోసి నెత్తురు తీసిరని తెలియవచ్చెను. ఆ మరణములకు సాలీటి విషమే కారణమని నిర్ధారణ కాలేదు. అట్టిచోట సాలీటి కోరకంటె బ్లేడునకే ఎక్కువగా భయపడవలెను.

కావున కాటు పడినప్పుడు చేయవలసినది ఇది. కరచిన ప్రాణి పగటివేళ కంటికి స్పష్టముగా కనబడి, అది ఇంటి సాలీడే అని తెలిసినచో, కాటు పడినచోట సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ వేసిన చాలును. వాపు పెరిగినను, ఒంటి నొప్పులు పుట్టినను, చిన్నబిడ్డకైనను వైద్యునకు చూపవలెను. గాయముపై బూజు అద్దు అలవాటు పలుచోట్ల కలదు. ఆ బూజులో దుమ్మును, క్రిములును ఉండును. ధనుర్వాతమునకు దారి ఇచ్చుట తగదు.

కరచినది కనబడనప్పుడు, ముఖ్యముగా రాత్రివేళ నేలపై పండుకొన్నవాని సంగతి వేరు. అప్పుడు దానిని పాము కాటుగానే భావింపవలెను. కోయరాదు, పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు, పసరు పోయరాదు, నడిపింపరాదు. కరచిన చేతిని గాని, కాలిని గాని బద్దకట్టి కదలకుండ చేసి, విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే తీసికొనిపోవలెను. 2005లో ప్రారంభమైన 108 వాహన సేవ ఇందుకే యున్నది. తన ఊరికి దగ్గరలో ఏ ఆసుపత్రియందు పామువిషపు మందును, శ్వాసయంత్రమును ఉన్నవో ప్రతి గృహస్థుడును కాటు పడకముందే కనుగొనియుండుట బుద్ధిమంతుల పని. తీరా పోయి చూడగా అది సాలీడే యని తేలినచో నష్టము ఒక రాత్రి నిద్ర. దీనికి మారుగా సాలీడనుకొన్నది కట్లపాము అయినచో ఆ నష్టమునకు పూడ్చుట లేదు.

నివారణ ఇంకను సులభము. నేలపై గాక మంచముపై పండుకొనుట, దోమతెర కట్టి దాని అంచులను పరుపు క్రిందికి దోపుట, రాత్రి దీపము లేకుండ నడవకుండుట. నేపాళ దేశపు ఆగ్నేయ భాగమున జరిగి 2007లో ప్రచురింపబడిన పరిశోధన, దోమతెరలో నిద్రించువారికి పాము కాటు చాల తక్కువయని తేల్చినది. మలేరియాకు పేరుపడిన ఈ ఏజెన్సీ ప్రాంతమున ఒక్క తెర దోమను, పామును, తేలును, జెర్రిని, సాలీటిని కూడ దూరముంచును. ఇంత తక్కువ ఖర్చున ఇన్ని కాట్లనుండి కాపాడు వస్తువు మరియొకటి లేదు.

ఇక సాలీటిని ఏమి చేయవలెను? పండుగకు ముందు బూజు దులుపుట మంచి ఆచారమే. అది శుభ్రత కొరకు, శత్రుత్వము కొరకు కాదు. పెద్ద సాలీడు భయము కలిగించినచో దానిపై గిన్నె బోర్లించి, క్రిందినుండి అట్టముక్క దూర్చి, బయట కట్టెల మోపువద్ద వదలవచ్చును. కట్టెలను మాత్రము ఉత్తచేతితో సందులలోనుండి లాగరాదు. అందు తేలు ఉండవచ్చును.

చేనిలో సాలీడు చేయు మేలు ఇంటిలో చేయు మేలుకంటె పెద్దది. వరిపైరున సుడిదోమను పట్టి తినువానిలో తోడేలు సాలీడు ముఖ్యమైనది. ఎడాపెడ పురుగుమందులు చల్లినచోట సాలీళ్లు మొదట చచ్చి, సుడిదోమ మరింత విజృంభించిన సంగతి పలు ఆసియా దేశములందు చూడబడినది. ఇండోనేషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించుటకు కారణము ఇదియే. ఒక్క జీతమైనను అడుగక పైరు కాయు కావలివానిని రైతు తన చేతితోనే చంపుకొనుట వివేకము కాదు.

కడపట గ్రంథాలయమును గూర్చి ఒక మాట. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపింపబడినప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగు పెద్దల ఆశయము, చరిత్రయు, శాస్త్రమును తెలుగు చదువువారి ఇంటికి చేర్చుట. సాలీళ్లపై టికాదారు అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1987లో వ్రాసిన గ్రంథము ఆంగ్లమున నున్నది. దానిలోని జ్ఞానమును గ్రామమునకు దింపుటకు గ్రంథాలయముకంటె తగిన మెట్టు లేదు. వార్తాపత్రికలు చదువు బల్ల ప్రక్క గోడపై కట్లపాము బొమ్మయు, కనురెప్పలు వాలుట, మాట ముద్దకట్టుట మొదలగు గుర్తులును, 108 అను అంకెయు, మందు దొరకు ఆసుపత్రి పేరును పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవచ్చును. చదువురానివారికి చదివినవారు వినిపింపవచ్చును. కోయభాషలో చెప్పగలవారు ఆ భాషలో చెప్పినచో మరింత మేలు. విద్యార్థులు ఒక నోటుపుస్తకము పెట్టి, తమ ఇండ్లలో చూచిన సాలీళ్లను, వాని గూళ్లను, అవి పట్టిన పురుగులను బొమ్మలు గీసి వ్రాయవచ్చును. అట్లు ఒక ఏడాది చూచిన బాలునికి గోడమీది సాలీడు భయము కలిగింపదు; చీకటిలో తగిలిన కాటును అతడు తేలికగా తీసికొనడు.

ఇంటి సాలీడు కరచునా యనిన, అరుదుగా కరచును, కొద్దిగా నొప్పించును, అంతటితో పోవును. కనబడని కాటునకు దాని పేరు పెట్టి నిద్రపోవుట మాత్రము తగదు. తప్పు చేయని ప్రాణిని చంపకుండుటకును, తప్పు చేసినదానిని గుర్తించి మనుష్యుని బ్రదికించుకొనుటకును కావలసినది ఒక్కటే: చూచి, చదివి, తెలిసికొనుట. ఆ పనికి ఈ గ్రంథాలయము మరి యెన్నియో ఉత్సవములు జరుపుకొను వరకు తోడ్పడుగాక.